మొదట దొరికిన రాయి

ఈమధ్య నన్ను పిలిచి శాలువా కప్పారు. కొత్తగా చేరిన గ్రామ సర్వేయర్లకు కడపలో శిక్షణ ముగిసిన రోజు అది. "ముప్ఫై రెండేళ్ళ మీ అనుభవాన్ని పిల్లలకు చెప్పండి సార్, ఐదు నిమిషాల్లో" అన్నారు. అంటే ఏడాదికి పది సెకన్లు కూడా రావు. "నిజాయితీగా ఉండండి, ఎండలో టోపీ పెట్టుకోండి" అని చెప్పి దిగి వచ్చాను. అందులో టోపీ ముక్క నిజంగా పనికొస్తుంది.

నాకు ముందు ఒక మనస్తత్వశాస్త్రం లెక్చరరు మాట్లాడాడు. మనిషి బుర్ర తొందరలో పట్టే అడ్డదారుల గురించి తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. మొదట విన్న అంకెకే అతుక్కుపోవడం, మనకు నచ్చిన సాక్ష్యమే కంటికి కనబడడం, మంచి బట్టలవాడి మాట నమ్మడం, ఇలా డజను దాకా ఉన్నాయి. ప్రతిదానికీ ఒక ఇంగ్లీషు పేరు. ఆ పేర్లలో ఒక్కదానికీ నా నోరు తిరగలేదు గానీ, ఆ సరుకంతా నాకు బాగా తెలిసిందే. కొంత నా సొంతం కూడా.

పిల్లలు ఆ పేర్లన్నీ బుద్ధిగా రాసుకున్నారు. ఈ జబ్బులు రైతులకు వస్తాయి, మనకు రావు అని వాళ్ళ మొహాల మీద రాసి ఉంది. ఆ వయసులో నేనూ అచ్చం అలాగే కూర్చునేవాణ్ణి. అందుకని ఆ ఐదు నిమిషాల్లో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, వచ్చిన తీరు చెప్పుకోదగ్గది కాదు.

పని ఏమిటంటే

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల నేను తొక్కని గట్టు తక్కువ. పని చెప్పుకోవడానికి చాలా సులువు. ప్రతి పొలానికీ ఆఫీసులో ఒక పటం ఉంటుంది, ఎప్పుడో దొరల కాలంలో గీసింది. పొలం మూలల్లో రాళ్ళు పాతి, ఈ రాయి నుంచి ఆ రాయికి ఎన్ని లింకులో అందులో రాసి పెట్టారు. లింకు అంటే కొలత గొలుసులో ఒక తునక, సుమారు జానెడు. గట్టు దగ్గర ఇద్దరు రైతులు తలలు పగలగొట్టుకోబోతున్నప్పుడు మనం పోవాలి. పాత రాయి ఒకటి వెతికి పట్టుకోవాలి. దాని నుంచి పటం ప్రకారం కొలుచుకుంటూ పోయి, చెరిగిపోయిన హద్దును మళ్ళీ నిలబెట్టాలి. మొదటి రాయి సరైనదైతే మిగతాదంతా సరైనదే. మొదటి రాయి తప్పయితే మిగతాదంతా అంతే నీటుగా తప్పవుతుంది, చూసేవాడికి తేడా తెలియదు.

సర్కారు రాయికి నెత్తిన కూడిక గుర్తు చెక్కి ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం కూడా సులువే, వేరే జిల్లాలో అయితే. మా జిల్లాలో ఎటు చూసినా బండలే. కంచెకు బండ, ఇంటి కప్పుకు బండ, గొడ్ల తొట్టికి బండ, గొడ్డును కట్టేసే గుంజ కూడా బండే, చివరికి మనిషి సమాధికీ బండే. నేలలో నిలబడి ఉన్న రాయిని చూసి ఇదే సర్కారు రాయి అనుకోవాలని మనసు పడితే, మా దగ్గర అవకాశాలకు కొదవ లేదు.

ఎంత రావల్ల సార్

నా దగ్గర గొలుసు పట్టే చైన్‌మన్ పేరు మస్తాన్. పొలాల్లో నడవడంలో నాకంటే పదేళ్ళు సీనియరు. పులివెందుల వైపు నేను కొలిచిన తొలి పొలాల్లో ఒక చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉంది. గొలుసు అవతలి కొసన నిలబడి మస్తాన్ కేకేశాడు.

"ఎంత రావల్ల సార్?"

"ఎంత వచ్చిందో చెప్పు మస్తాన్."

"అది చెప్తాలే సార్. ముందు పటంలో ఎంత ఉండాదో నువ్వు చెప్పు."

చెప్పాను. సరిగ్గా అంతే వచ్చింది. ఆ రోజంతా ప్రతి కొలతా పటంతో అతికినట్టు సరిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. సాయంత్రం టీ అంగడి దగ్గర కూర్చున్నాక గానీ బుర్రకు ఎక్కలేదు. రావలసింది ఎంతో ముందే తెలిస్తే గొలుసును కాస్త బిగించి లాగడం, కాస్త వదులుగా వేయడం, గుంతలో దించడం, గట్టు మీదుగా పోనివ్వడం, ఇవన్నీ చేతులకు వాటంతట అవే వచ్చేస్తాయి. మస్తాన్ మోసగాడు కాడు. ఆయన చేతులకు మర్యాద ఎక్కువ, పెద్దవాళ్ళు రాసిపెట్టిన అంకెను నొప్పించలేవు.

మరుసటి రోజు నుంచి పటాన్ని సంచిలోనే ఉంచి, ముందు కొలత రాసుకుని తర్వాతే పటం విప్పేవాణ్ణి. మస్తాన్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తనను నమ్మడం లేదనుకున్నాడు. నన్ను నేను నమ్మడం లేదని చెబితే, "అట్లాటి సర్వేయర్లతో ఎట్లా బతికేది సార్" అన్నాడు.

రైతులది ఇంకో తీరు. "నాది నాలుగెకరాల ఇరవై సెంట్లు సార్, మా జేజినాయన కాలం నుంచీ అంతే" అని ఒకాయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా వెనకే నడుస్తూ చెప్పాడు. కొలతలో తగ్గితే పక్కవాడు తిన్నట్టు, పెరిగితే దేవుడు ఇచ్చినట్టు. పొలం తగ్గిందని నా దగ్గరికి ఎంతమంది వచ్చారో లెక్క లేదు. ఎక్కువేమైనా ఉందేమో చూసి పోండి అని ఒక్కడూ అర్జీ పెట్టుకోలేదు. ఇద్దరి పొలాల మధ్య భూమి ఎక్కడికి మాయమైపోతుందో ముప్ఫై రెండేళ్ళలో నేను కనిపెట్టలేకపోయాను.

నాలుగు అంగుళాలు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ బజారులో ఒక షావుకారు గోడ తగాదా కూడా నా పాలికే వచ్చింది. వీధి వైపు పక్కవాడి గోడ ఈయన స్థలంలోకి నాలుగు అంగుళాలు వచ్చింది. పెరటి వైపు ఈయన గోడే పక్కవాడి స్థలంలోకి ఆరు అంగుళాలు పోయింది. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే మీకే లాభం స్వామీ అని చెప్పాను. బంగారాన్ని తూకం వేసి బతికే మనిషి కదా, వెంటనే అర్థమవుతుందనుకున్నాను.

"ఆరు అంగుళాల సంగతి తర్వాత సూద్దాం. నా నాలుగు అంగుళాలు నాకు రావల్ల" అన్నాడు.

ఆయనకు ఆ నాలుగు అంగుళాల మీద తిండి సయించడం లేదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆరు అంగుళాల మీద మాత్రం ఆకలి బాగానే ఉండేది. ఆయన్ను చూసి నవ్వుకుంటూ వచ్చాను. ఆ బజారులో నేను కొన్న ఉంగరం తరుగు గురించి అప్పటికి రెండేళ్ళుగా బాధపడుతూనే ఉన్నానన్నది వేరే విషయం.

కంటితో కొలిచే ఆయన

మా ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు. గట్టు మీద నిలబడి, కళ్ళు చిట్లించి, "ఎకరా అరవై" అనేవాడు. ఒకసారి పెండ్లిమర్రి వైపు ఒక పొలం నిజంగానే ఎకరా అరవై వచ్చింది. ఆ కథను ఆయన బదిలీ అయ్యేదాకా చెప్పాడు, బదిలీ అయిన చోట కూడా చెప్పాడట. సరిపోని రోజుల్లో మాత్రం "గొలుసు ఒకసారి చూసుకోప్పా" అనేవాడు. మా ఆఫీసులో గొలుసులు తరచూ చెడిపోయేవి.

ఆయనకు ఇంకో విద్య కూడా ఉండేది. మనిషిని చూసి న్యాయం ఎవరి పక్కనుందో చెప్పేవాడు.

"ఏడ్చేటోడు అబద్ధమాడతాంటాడు. అరిచేటోడు ఆక్రమించుకోనింటాడు. నిమ్మళంగా మాట్లాడేటోనిదే న్యాయం. ఇంత సర్వీసులో నేను ఒకపారీ తప్పు పోలేదప్పా."

తప్పు పోయాడో లేదో ఎలా తెలుస్తుంది? ఏడ్చినవాడి పొలం ఆయన మళ్ళీ కొలవలేదు కదా. ఆయన వెనక మేమంతా నవ్వుకునేవాళ్ళం. నవ్వుకుంటూనే ఆ విద్య నేనూ వంటబట్టించుకున్నానని నాకు తెలియలేదు.

ఆరో బోరు

పులివెందుల దగ్గర ఒక రైతు తన పొలం ఒక మూలన వరసగా ఐదు బోర్లు వేశాడు. ఐదింట్లోనూ దుమ్మే లేచింది. ఆరోది వేయబోయే చోటు తన హద్దులోనే ఉందో లేదో కొలవమని నన్ను పిలిచాడు. ఇంకో మూల చూడొచ్చు కదా అన్నాను.

"ఐదు ఏసినాం గదా సార్. ఈడ వదిలిపెట్టి పోతే ఆ ఐదూ పోయినట్లే గదా."

అవి అప్పటికే పోయాయి. ఆరోది వేస్తే ఆ ఐదింట్లోకి నీళ్ళు ఎట్లా వస్తాయో అడగబోయి ఊరుకున్నాను. చదువు లేని మనిషి, ఏం చెబుతాం అనుకున్నాను. చదువున్న నేను అదే పనిని గొలుసు పట్టుకుని చేసిన సంగతి ఇప్పుడు రాస్తాను. అసలు ఇదంతా రాయడం మొదలుపెట్టింది దాని కోసమే.

బావి పక్కన బండ

జమ్మలమడుగు వైపు, పెన్నలో కలిసే ఒక వంక పక్కన ఒక ఊరు. పేరు రాయను. అక్కడ రాహేలమ్మ అనే ఆమెకు రెండెకరాలు, అందులో మామ తవ్విన బావి ఉన్నాయి. భర్త పోయాక ఆ బావి నీళ్ళతోనే మిరప, టమాట, వంకాయ పండించి ప్రొద్దుటూరు మార్కెట్టుకు తెచ్చేది. ఊరి ఆడవాళ్ళ సంఘానికి ఆమే లీడరు. చర్చిలోనూ, వీధిలోనూ ఆమె మాటంటే మాటే. పక్క పొలం రామసుబ్బయ్యది. కంచె వేసుకోవాలి, హద్దు చూపించండి అని ఆయన అర్జీ పెట్టుకున్నాడు.

వస్తానని రెండుసార్లు నోటీసు పంపి నేను పోలేదు. మూడోసారి పోయాను. రెండుసార్లూ మార్కెట్టు మానుకుని నా కోసం కాచుకున్న రాహేలమ్మ నన్ను చూడగానే పలకరించింది.

"ఏం సారూ, ఈ పొద్దన్నా దోవ దొరికిందా నీకు?"

నాకు ఒళ్ళు మండింది. అన్నది నిజం కాబట్టి ఇంకాస్త మండింది. రామసుబ్బయ్య మాత్రం వేపచెట్టు నీడన కుర్చీ వేయించి, కడిగిన గ్లాసులో మజ్జిగ ఇచ్చాడు. ఆయన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో తేదీల వారీగా ఉన్నాయి. ఫైలుకు కవరు తొడిగిన మనిషి తప్పు చెబుతాడని నాకు ఎవరూ నేర్పలేదు. ఒక మాట చెప్పాలి, ఆయన అబద్ధం ఆడలేదు. తన తండ్రి తనకు చెప్పిందే నాకు చెప్పాడు.

"ఆ బావి కాడ ఉండేదే సర్కారు రాయి సార్."

బావి పక్కన నిలువు బండ ఉంది. దాని నెత్తిన రెండు గీతలు, ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ, అచ్చం కూడిక గుర్తు.

"అది సర్కారు రాయి కాదప్పా" అంది రాహేలమ్మ. "కపిల తోలి నీళ్ళు తోడే కాలంలో ఎద్దుల్ని కట్టేసేదానికి మా మామ పాతిన బండ అది. ఆ గీతలు కొడవళ్ళు నూరిన గాట్లు. నేను గూడా శానా నూరినా. అసలు రాయి ఆడ వంక గట్టు కింద ఉండాది. వరదొచ్చినప్పుడు మన్ను పడి మునిగిపోయింది. తవ్వి సూడండి."

కొడవలి నూరిన గాటు నున్నగా ఉంటుంది. ఉలి దెబ్బ గరుకుగా ఉంటుంది. అరచేత్తో ఒకసారి తడిమితే తెలిసిపోతుంది. నేను తడమలేదు. నేను వెతుకుతున్నది కూడిక గుర్తు, అది కనబడింది, ఇక చేత్తో పనేముంది అనుకున్నాను.

అక్కడి నుంచి కొలత మొదలుపెట్టాం. తూర్పు మూల రాయికి రావలసినదాని కంటే ఎనిమిది లింకులు తక్కువ వచ్చింది. ఎండకు గొలుసు సాగింది అనుకున్నాను. దక్షిణం రాయికి పదకొండు లింకులు ఎక్కువ వచ్చింది. ఆ కాలంలో దొర సరిగా కొలవలేదు అనుకున్నాను. ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది, రెండూ కలిస్తే సరిపోయినట్టే అని తేల్చేశాను. సూర్యుణ్ణి అనుమానించాను, ఇనుమును అనుమానించాను, చచ్చిపోయిన దొరను అనుమానించాను. బండ మీదికి మాత్రం నా అనుమానం పోలేదు, ఎందుకంటే దాన్ని ఎంచుకున్నది నేను.

మస్తాన్ గడ్డపార భుజాన వేసుకుని దగ్గరికి వచ్చాడు.

"వంక గట్టు కాడ ఒకపారి తవ్వి సూద్దామా సార్? అరగంట పని."

"పొద్దున్నుంచి కొలిచిందంతా పారేసి మళ్ళీ మొదటి నుంచి కొలవాలా?" అన్నాను.

మస్తాన్ గడ్డపార దించి పక్కన పెట్టాడు. సాయంత్రానికి హద్దు తేలింది. అది రాహేలమ్మ వైపు ఇరవై అడుగులు జరిగింది. బావి రామసుబ్బయ్య పొలంలో పడింది.

"ఆ బావి ఎవరు తవ్వినారో ఊరంతా తెలుసు సారూ" అంది ఆమె.

"ఊరు చెబితే కాదమ్మా, పటం చెప్పాలి" అన్నాను. మాట బాగా అన్నానని తిరుగు బస్సులో నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ముగ్గురూ ఒకే మాట

రాహేలమ్మ పైకి అర్జీ పెట్టింది. కంటితో కొలిచే మా ఇన్‌స్పెక్టరే తనిఖీకి వచ్చాడు. ఎక్కడి నుంచి కొలిచావని నన్ను అడిగాడు. బండను చూపించాను. ఆయనా అక్కడి నుంచే కొలిచాడు. నేను చూపిన హద్దే వచ్చింది, రాకుండా ఎక్కడికి పోతుంది? ఆమె మళ్ళీ అర్జీ పెట్టింది. ఈసారి వేరే మండలం సర్వేయరును పంపారు. ఆయన నా స్కెచ్చు చేతిలో పట్టుకుని, ఆ బండ నుంచే కొలిచి, ఆ హద్దే తేల్చాడు. "ముగ్గురు వేర్వేరుగా కొలిచి నిర్ధారించినందున" అని ఆర్డరు రాసి ఫైలు మూసేశారు.

కొలిచిన చేతులు మూడు, బండ ఒకటే. మేం ముగ్గురం ఒక్క తప్పుకు మూడు సంతకాలు పెట్టాం. కొత్తగా చేరినవాళ్ళు నేను రాసిందంతా మరచిపోయినా ఫరవాలేదు గానీ, ఇది గుర్తుపెట్టుకోండి. ముగ్గురు ఒకే మాట చెబుతుంటే సంతోషపడే ముందు, ఆ ముగ్గురూ ఎక్కడ నిలబడి చూశారో కనుక్కోండి.

ఊరికి మాత్రం లెక్క తేలిపోయింది. సర్కారు మనుషులు ముగ్గురు తప్పు పోరు, కాబట్టి రాహేలమ్మే అబద్ధమాడింది. హద్దు దగ్గర అబద్ధమాడిన మనిషిని నమ్మేదెట్లా అని సంఘం లీడరు పదవి తీసేశారు. పంచాయితీల్లో ఆమెను సాక్ష్యానికి పిలవడం మానేశారు. వీధిలో ఎవరి కోడిపెట్ట తప్పిపోయినా ముందు ఆమె పెరట్లో చూసి వచ్చేవారట. నీళ్ళు లేక కూరగాయలు పోయాయి. వానకు పండితే శనక్కాయ, లేకపోతే లేదు. ఆమె బండల ఫ్యాక్టరీలో కూలికి చేరింది. రామసుబ్బయ్య కొన్నాళ్ళు బావి వాడుకుని, తర్వాత బోరు వేసుకున్నాడు. బావిలో ఊరి చెత్త పడడం మొదలైంది.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో నేను ఆ ఫైలును పరిష్కారమైనవాటి కట్టలో పెట్టి, మరుసటి ఊరికి పోయాను.

వంక గట్టు కింద

పంతొమ్మిదేళ్ళు గడిచాయి. నా సర్వీసు ఇంక నాలుగు నెలలుందనగా ఆ ఊళ్ళో రీసర్వే వచ్చింది. మస్తాన్ అప్పటికే రిటైరైపోయాడు. స్రవంతి అనే కొత్త సర్వేయరు రోవరు పట్టుకుని వచ్చింది. కర్ర చివర పెట్టె ఉంటుంది, ఉపగ్రహాలను అడిగి మనం ఎక్కడ నిలబడ్డామో చెబుతుంది. దానికి రాహేలమ్మ ఎవరో, రామసుబ్బయ్య ఎవరో తెలియదు. అది మజ్జిగ తాగదు. స్రవంతి ఆ బండను పట్టించుకోలేదు. దూరంగా ఊరి పొలిమేర రాళ్ళ నుంచి లెక్క కట్టుకుంటూ వచ్చి, పొలం మూల వంక గట్టు కింద ఉండాలని తేల్చింది.

"మిషన్ సరిగా పనిచేస్తోందో లేదో చూడమ్మా" అన్నాను. ముప్ఫై రెండేళ్ళ అనుభవం నా నోటి గుండా చెప్పిన మొదటి మాట అది.

"మూడుసార్లు చూసినా సార్. మూడు వేరే వేరే రాళ్ళ నుంచి" అంది స్రవంతి. "తవ్విద్దామా?"

ఇద్దరు కూలీలు తవ్వారు. రెండడుగుల లోతులో గడ్డపారకు రాయి తగిలింది. ఇరవై నిమిషాలు పట్టింది, మస్తాన్ పది నిమిషాలు ఎక్కువ చెప్పాడన్నమాట. మట్టి తుడిచాక నెత్తిన కూడిక గుర్తు కనబడింది. ఈసారి నేను అరచేత్తో తడిమాను. గరుకుగా ఉంది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

ఆఫీసులో మంచి సలహా ఇచ్చారు. "నాలుగు నెల్లు ఓర్చుకోండి సార్. కొత్త పటంలో హద్దు దానంతట అదే సరైపోతాది. పాతది ఎవరు కొలిచినారని ఎవరడుగుతారు?" ఆ సలహా నాకు బాగా నచ్చింది. ఒక రోజంతా నచ్చింది. రెండో రోజు రాహేలమ్మ ఇంటికి పోయాను.

తల నెరిసిపోయింది, చేతులు బండల పొడికి పగిలి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. రాయి దొరికిందనీ, హద్దు పాత చోటికే పోతుందనీ, బావి మళ్ళీ ఆమెదేననీ చెప్పాను.

"బావి యాడుండాది సారూ, అది చెత్తగుంత" అంది. "భూమి మిషనిచ్చింది, సరే. నా మాట ఎవరిస్తారు? పందొమ్మిదేండ్లు ఈ వీధిలో అబద్ధాలకోరునని బతికినా."

"నేనేం చేయాలమ్మా?"

"ఊరి ముందర చెప్పు. తప్పు కొలిచింది నువ్వని నీ నోటితో చెప్పు. కాయితం మీద గూడా రాయి."

కాగితం మీద రాస్తే విచారణ వస్తుంది. విచారణ వస్తే రిటైరైన మరుసటి నెల నుంచి రావలసిన పెన్షను ఆగుతుంది. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఇదే ఆలోచించాను. అప్పుడప్పుడు మస్తాన్ గడ్డపార దించి పెట్టిన తీరు గుర్తుకొచ్చింది. మరుసటి రోజు ఆఫీసులో కూర్చుని, మొదటి రాయిని నేను తప్పుగా ఎంచుకున్నానని, రాహేలమ్మ చూపిన చోట తవ్వకుండా వచ్చానని, సగం పేజీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అనుకున్నట్టే మెమో వచ్చింది, పెన్షను ఏడు నెలలు ఆలస్యమైంది. ఆ ఏడు నెలలు ఇంట్లో మా ఆవిడ నన్ను పలకరించిన తీరు వేరే పుస్తకం రాసుకోవలసినంత ఉంది.

సచివాలయం ముందు

రీసర్వే పటాలు చూపించడానికి ఊరి సచివాలయం ముందు గ్రామసభ పెట్టారు. షామియానా కింద జనం బాగానే వచ్చారు. రాహేలమ్మ మెట్ల మీద ఒక పక్కన కూర్చుంది. స్రవంతి పటాలు చూపించాక నేను లేచాను. శాలువా కప్పిన సభలో నేను అంత జాగ్రత్తగా మాట్లాడలేదు.

"బావి కాడ ఉండే బండ సర్కారు రాయి కాదు. ఈమె ఆ పొద్దే చెప్పింది. తవ్వి చూడమనింది. నేను తవ్వలేదు. ఈమె చెప్పింది నిజం, నేను కొలిచింది తప్పు. నా వెనకాల వచ్చిన ఇద్దరూ నేను చూపిన బండ నుంచే కొలిచినారు. ఈమె అబద్ధమాడలేదు."

ముందు రామసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాకు ఆ పొద్దే అనుమానం వచ్చింది సార్. సర్కారు రాయంటే ఇంకా లావుగా ఉండల్ల గదా అనుకున్యా."

"రాహేలమ్మత్త అబద్ధమాడే మనిషి కాదని మేం అనుకుంటానే ఉంటిమి" అంది ఇప్పటి సంఘం లీడరు.

వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. "అవి కొడవలి గాట్లేనని సూస్తానే తెలిసింది నాకు. సార్లు ముగ్గురొచ్చి చెప్తాంటే మనమేం మాట్లాడేదిలే అని ఊరుకుంటి."

ఇంకొకరికి బావి చూసినప్పుడల్లా మనసులో ఏదో పొడుస్తూనే ఉండేదట. మరొకరు తమ ఇంట్లో ఆ సంగతి అప్పుడే మాట్లాడుకున్నామన్నారు. చూస్తుండగానే షామియానా కింద రాహేలమ్మను అనుమానించిన మనిషి ఒక్కడూ మిగల్లేదు. వాళ్ళు నాటకం ఆడుతున్నారని నేను అనుకోలేదు. ఈ పూట తెలిసింది ఆ పూటే తెలుసుననిపించడం అంత తేలిక. అందరి మొహాల్లోనూ నిజాయితీ కనబడింది.

రాహేలమ్మ అందరి మాటలూ అయిపోయేదాకా వింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సారూ, నీకు గూడా ఆ పొద్దు అనుమానమేమన్నా వచ్చినాదా?"

ఎనిమిది లింకులు తగ్గినప్పుడు కొంచెం వచ్చిందమ్మా అని చెప్పొచ్చు. పదకొండు లింకులు పెరిగినప్పుడు ఇంకొంచెం వచ్చింది అని కూడా చెప్పొచ్చు. అలా చెబితే అక్కడ అందరూ నమ్మేవారు, నాలుగు రోజులు పోతే నేను కూడా నమ్మేవాణ్ణి.

"లేదమ్మా. రవ్వంత గూడా రాలేదు" అన్నాను.

ఆమె మెట్ల మీంచి లేచి, చీర కొంగు దులుపుకుని, షామియానా కింద ఉన్న అందరినీ ఒకసారి చూసింది.

"సరిపాయ. ఊరంతటికీ ఆ పొద్దే తెలుసంట. తెలియనోడు కొలిచేదానికి వచ్చిన ఈ సారు ఒక్కడేనంట."